చికాగోలో మూడు రోజులు, ఇద్దరం, ఒకరు శాకాహారి: ప్లాన్ చూసి చెప్పండి

ఎక్సెల్ ఏడుకొండలు
వచ్చే నెల మూడో వారం, అంటే సెప్టెంబర్‌లో, నేనూ మా ఆవిడా చికాగో వెళ్తున్నాం. పెళ్ళై ఆరేళ్ళు, పాప పుట్టాక ఇద్దరమే కదలడం ఇదే మొదటిసారి. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, పాప ఆవిడ దగ్గర ఉంటుంది. ఒహాయోలోని కొలంబస్ నుంచి గురువారం తెల్లవారుజామున కారులో బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేరాలి. హోటల్ డౌన్‌టౌన్‌లోనే, నది పక్కన.

తిండి సంగతి: మా ఆవిడ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నేను బీఫ్ ఒక్కటి తప్ప అన్నీ లాగిస్తాను. డీప్ డిష్ పిజ్జా (లోతైన మూకుడులో కాల్చే మందపాటిది) మాత్రం ఇద్దరికీ ఉమ్మడి కోరిక.

ఎక్సెల్ షీటులో 23 చోట్లు వేశాను. మచ్చుకి శుక్రవారం: 8:00 బీన్ (అద్దంలా మెరిసే పెద్ద గింజ ఆకారం శిల్పం), 8:40 ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, 10:30 విల్లిస్ టవర్, 12:00 పిజ్జా, 12:45 బోటు, 2:30 నేవీ పియర్, 4:00 లింకన్ పార్క్ జూ, 6:00 డెవాన్ (ఇండియన్ కొట్ల వీధి), 9:00 మళ్ళీ నేవీ పియర్‌లో బాణసంచా. మా ఆవిడ చూసి "ఇది ట్రిప్పా, ఆడిటా?" అంది. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

లేక్‌వ్యూ లలిత
12:00 పిజ్జా, 12:45 బోటు. అక్కడిదాకా చదివి ఆపేశాను. డీప్ డిష్ ఆర్డర్ ఇచ్చాక ఓవెన్‌లోనే ముప్పావు గంట ఉంటుంది. మీరు బోటెక్కే టైముకి పిజ్జా టేబుల్ మీదికి వస్తుంది.

గవ్వల చెట్టు
ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ తలుపులు 11కి గానీ తెరవరు. 8:40కి వెళ్తే గుమ్మం ముందున్న రెండు కంచు సింహాలతో ఫొటోలు దిగి రావడమే.

లేక్‌వ్యూ లలిత
సెప్టెంబర్ మూడో వారంలో బాణసంచా కూడా ఉండదు. నేవీ పియర్‌లో బుధ, శనివారాల్లో కాల్చేది వేసవిలోనే, సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డేతో సరి. అసలు మీరు వేసింది శుక్రవారం కదా!

పప్పుచారు
తొమ్మిదింటిలో మూడు పోయాయి. ఇంకో ఇద్దరు మాట్లాడితే షీటు ఖాళీ.

ఎక్సెల్ ఏడుకొండలు
సరే సరే. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ శనివారానికి జరుపుతాను.

గవ్వల చెట్టు
శనివారం జనం ఎక్కువ. గురువారం రాత్రి 8 దాకా తెరిచి ఉంటుంది, మీరు వచ్చే రోజే కదా. పైగా కొలంబస్ కంటే చికాగో ఒక గంట వెనక, ఆ గంట మీకు ఉచితం. తెల్లవారుజామున ఐదుకి బయల్దేరితే అక్కడి టైము ప్రకారం పదిన్నరకల్లా ఊళ్ళో ఉంటారు. మంగళ, బుధ మాత్రం సెలవు, మిగతావాళ్ళు గమనించుకోండి.

నేపర్‌విల్ నానీ
కారు ఎందుకు బాసూ? పన్నెండేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నా, డౌన్‌టౌన్‌కి నేనే కారులో వెళ్ళను. మిడ్‌వేకి ఫ్లైట్ పట్టుకో, ఆరెంజ్ లైన్ ఎక్కితే అరగంటలో లూప్‌లో దిగుతావు. ఓహేర్‌లో దిగితే బ్లూ లైన్. లూప్ అంటే తెలుసుగా, పట్టాలు రోడ్డుకి పైన, రెండో అంతస్తు కిటికీల పక్క నుంచి రైలు ఊరి నడిబొడ్డు చుట్టూ తిరుగుతుంది. అది ఎక్కడమే సగం సైట్ సీయింగ్.

ఎక్సెల్ ఏడుకొండలు
ఇద్దరికీ టికెట్లు, బ్యాగులు, ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ కలిపితే కారే చవక అని లెక్కేశాను. హోటల్ పార్కింగ్ రాత్రికి 68 డాలర్లు, అది కలిపినా చవకే.

నేపర్‌విల్ నానీ
మూడు రాత్రులకి 204. ఆ డబ్బుతో మా ఇంటి ముందు కారు పెట్టి, మా ఆవిడ చేతి బిర్యానీ తిని, మెట్రా రైల్లో వెళ్ళొచ్చు. నిజంగానే అంటున్నా.

విమానం మోత
ఇంకో సంగతి. వాకర్ డ్రైవ్ అని నది వెంబడి రోడ్డు ఉంటుంది, దాని కింద ఇంకో వాకర్ డ్రైవ్ ఉంటుంది. కింది దాంట్లో జీపీఎస్ పనిచెయ్యదు. పోయినేడాది నా కారు నదిలో ఉన్నట్టు చూపించింది ఫోను. "యూ టర్న్ తీసుకోండి" అంటోంది. పడవలకి చెప్తోందేమో అనుకున్నా.

పప్పుచారు
😂😂 ఈదుకుంటూ యూ టర్న్

కారప్పొడి
అందరూ అసలు విషయం వదిలేశారు. తిండి. అన్నా, హాట్ డాగ్ జోలికి పోకు. చికాగో హాట్ డాగ్ అంటే పూర్తిగా బీఫే. మా బావ ఇండియా నుంచి వచ్చినప్పుడు చికెన్ అనుకుని రెండు లాగించాడు, ఇటాలియన్ బీఫ్ బోర్డు చూసి "అది మనం తినం" అంటూ మరీ! మూడోది చేతిలో ఉండగా నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ రోజంతా మాట్లాడలేదు, రాత్రి మాత్రం "రుచి బాగుందిరా" అన్నాడు.

ఇల్లినాయ్ ఇంద్రజిత్
సాసేజ్ తీసేసి శాకాహారంగా చేసిచ్చే షాపులు ఉన్నాయి. అసలు మజా పైన వేసే సరుకులోదే: ఆవాల ముద్ద, ఉల్లిపాయ, పచ్చగా మెరిసే రెలిష్, టమాటా ముక్కలు, ఊరబెట్టిన దోసకాయ బద్ద, చిన్న మిరపకాయలు, సెలరీ ఉప్పు. బన్ను మీద గసగసాలు. కెచప్ మాత్రం అడక్కండి. నేను అడిగితే కౌంటర్ అతను "మీ వయసెంత?" అన్నాడు. చిన్నపిల్లలే వేసుకుంటారని ఇక్కడివాళ్ళ పట్టింపు.

కారప్పొడి
పులిహోరలో పంచదార అడిగినట్టన్నమాట.

లేక్‌వ్యూ లలిత
శాకాహారులకి ఇంకో జాగ్రత్త: పిజ్జాలో "సాసేజ్" అంటే పంది మాంసం, ఇక్కడ అడక్కుండానే చాలా కాంబోల్లో ఉంటుంది. పాలకూర వేసిన స్టఫ్డ్ పిజ్జా అడగండి. చీజ్ అడుగున, టమాటా సాస్ పైన, చూడ్డానికి పిజ్జాలా కాక గిన్నెలా ఉంటుంది. ఇద్దరికి చిన్న సైజు చాలు. పెద్దది చెప్పకండి, చెప్పకండి, చెప్పకండి.

డెక్కన్ దొర
నా మాట వినండి, డీప్ డిష్ టూరిస్టుల తిండి. ఒక ముక్క తింటే పొట్టలో సిమెంట్ పోసినట్టుంటుంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు ఎక్కువగా తినేది టావర్న్ పిజ్జా. అప్పడంలా పల్చగా, కరకరలాడుతూ, గుండ్రని పిజ్జాని చదరపు ముక్కలుగా కోస్తారు. అంచు ముక్కల కోసం ఇంట్లో కొట్లాటలు.

నేపర్‌విల్ నానీ
1943 నుంచి ఈ ఊళ్ళో డీప్ డిష్ చేస్తున్నారు దొరా. ఎనభై ఏళ్ళు టూరిస్టులే తిన్నారా?

డెక్కన్ దొర
చార్మినార్ దగ్గర గాజులు కూడా నాలుగొందల ఏళ్ళ నుంచి అమ్ముతున్నారు. నేను హైదరాబాదీనే, ఎప్పుడైనా కొన్నానా?

పప్పుచారు
నువ్వు గాజులు తొడుక్కోవు కాబట్టి కొనలేదు. ఉదాహరణ వీగిపోయింది.

చలిపులి
ఎవరైనా జనవరిలో వెళ్ళారా? నేను వెళ్ళాను. కనురెప్పల మీద మంచు కట్టింది. ఇంతే చెప్పాలనిపించింది.

తోటకూర కాడ
విల్లిస్ టవర్ తీసెయ్యండి. మనిషికి 30 డాలర్లు పైనే, గంట క్యూ, పైన మూడు నిమిషాలు. దానికంటే కల్చరల్ సెంటర్‌కి వెళ్ళండి, పాత లైబ్రరీ భవనం, 1897 నాటిది. లోపల టిఫనీ రంగుటద్దాల గుమ్మటం ఉంది, అడ్డంగా 38 అడుగులు. ప్రవేశం ఉచితం. పక్కనే మిలీనియం పార్క్.

ఇల్లినాయ్ ఇంద్రజిత్
తోటకూర గారితో సగమే ఏకీభవిస్తా. గుమ్మటం చూడాల్సిందే. కానీ ఆ టవర్‌ని తీసెయ్యమనకండి. 110 అంతస్తులు, 1,451 అడుగులు, కట్టినప్పుడు పేరు సియర్స్ టవర్, పాతికేళ్ళ దాకా ప్రపంచంలో అదే ఎత్తైనది. దాన్ని నిలబెట్టిన స్ట్రక్చరల్ ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్, ఢాకాలో పుట్టిన మనిషి. తొమ్మిది గొట్టాలని చెరుకు గడల్లా కట్టగట్టి, వాటిని వేర్వేరు ఎత్తుల్లో ఆపేశాడు. ఒంటరి గడ గాలికి ఊగుతుంది, కట్ట అంతగా ఊగదు. అదీ కిటుకు. నేను సివిల్ చదివాను, మా సారు ఈ బొమ్మ బోర్డు మీద వేసిన రోజు ఇప్పటికీ గుర్తు. 103వ అంతస్తులో గాజు గదిలో నిలబడి కిందికి చూస్తే కాళ్ళ కింద 1,353 అడుగుల ఖాళీ.

తోటకూర కాడ
మీరు సివిల్ కాబట్టి మీకు కన్నీళ్ళొచ్చాయి. పాపం ఆవిడకి ఏమొస్తుంది?

అర్ధభాగం
ఆ "పాపం ఆవిడ"ని నేనే. ఈయన ఇక్కడ థ్రెడ్ పెట్టారని ఇవాళే తెలిసింది, లాప్‌టాప్ మూయకుండా వెళ్ళారు. ముందు ఒక దిద్దుబాటు: "ఇది ట్రిప్పా, ఆడిటా?" అని నేను అనలేదు. "ఇందులో కూర్చోవడం ఎక్కడుంది?" అన్నాను. 23 గడుల్లో ఒక్క చోట కూడా కూర్చోవడం లేదు. నాకు కావాల్సినవి మూడే. ఆ పిజ్జా. ఆ బోటు. మిషిగన్ లేక్ ఒడ్డున ఎవరూ పిలవని రెండు గంటలు. మూడేళ్ళుగా నన్ను ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు.

లేక్‌వ్యూ లలిత
అక్కా, ప్లాన్ అయిపోయింది. అదే ప్లాన్.

పప్పుచారు
ఏడుకొండలన్నా, ఎక్కడున్నావ్? వదినగారు వచ్చారు.

ఎక్సెల్ ఏడుకొండలు
చదువుతున్నా.

గవ్వల చెట్టు
అర్ధభాగం గారు, మీ మూడింటికి ఒకటి కలపండి. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలోనే 1893 సెప్టెంబర్ 11న వివేకానందుడు మాట్లాడాడు. లోపల ఫుల్లర్టన్ హాల్ అని ఉంటుంది, ఆయన మాట్లాడిన హాలు అదే.

పాత చిత్తు
చిన్న సవరణ. భవనం అదే, హాలు అది కాదు. అప్పటికి భవనం పూర్తవలేదు, సర్వమత సభ కోసం లోపల తాత్కాలికంగా హాళ్ళు కట్టి తర్వాత తీసేశారు. ఫుల్లర్టన్ హాలు 1898లో వచ్చింది. 2010లో జితీష్ కల్లాట్ అనే ముంబై కళాకారుడు అక్కడి పెద్ద మెట్లదారిలో, ఒక్కో మెట్టు నిలువు ముఖం మీద ఆ ప్రసంగాన్ని లైట్లతో రాశాడు. నేను అప్పుడు చూశాను. ప్రసంగం చదువుతూ మెట్లెక్కాలి, పైకి వెళ్ళేసరికి ఆయాసం నాకు, ఆవేశం ఆయనకి.

గవ్వల చెట్టు
పదేళ్ళుగా చుట్టాలందరినీ ఆ హాల్లో కూర్చోబెట్టి దణ్ణం పెట్టిస్తున్నానండీ. ఇప్పుడు ఏం చెప్పను వాళ్ళకి?

పాత చిత్తు
పెట్టిన దణ్ణం ఎక్కడికీ పోదు. నలభై అడుగులు అటో ఇటో.

కారప్పొడి
డెవాన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

నేపర్‌విల్ నానీ
పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు 1974లో పెట్టింది ఆ వీధిలోనే, రోడ్డులో కొంత ముక్కకి గాంధీ మార్గ్ అని గౌరవ నామం కూడా ఉంది. కానీ ఇప్పుడు మనవాళ్ళంతా నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వైపు వచ్చేశాం, దోశ ఇక్కడే దొరుకుతుంది. మూడు రోజులకి చికాగో వచ్చి దోశ తినడానికి గంట ప్రయాణం చేస్తే నవ్వుతారు.

కారప్పొడి
నేను నవ్వను. రెండు రోజులు చీజ్ తిన్నాక మూడో రోజు సాంబారు కోసం ఏడుస్తావు. రెడ్ లైన్‌లో లయోలా దాకా, అక్కడ 155 బస్సు. మిఠాయి కొట్లో నిలబడి చాట్ తిని వచ్చెయ్యొచ్చు.

అట్లాంటా అప్పడం
చికాగో అంటారేంటి అందరూ, అది షికాగో.

డెక్కన్ దొర
మీరు పారిస్‌ని పారీ అంటారా?

అట్లాంటా అప్పడం
సరే, చికాగోనే.

---

ఎక్సెల్ ఏడుకొండలు
వెళ్ళొచ్చాం. అడిగినవాళ్ళ కోసం రిపోర్టు. నాలుగు ముక్కల్లో రాద్దామనుకున్నా, కుదర్లేదు.

కారులోనే వెళ్ళాం. నానీ గారూ, తప్పయింది. జీపీఎస్ మమ్మల్నీ నదిలోకే తోసింది. అదే మలుపు చుట్టూ మూడుసార్లు తిరిగాక మా ఆవిడ అద్దం దించి, ట్రక్కు దగ్గర నిలబడ్డ ఒకాయన్ని అడిగింది. ఆయన పైకి చెయ్యి చూపించాడు. హోటల్ సరిగ్గా మా నెత్తి మీదే ఉంది. బుకింగ్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉందట, రోజుకి ఇంకో 35 డాలర్లు "సౌకర్యాల రుసుము" పడింది. ఆ సౌకర్యాలేంటని అడిగితే రెండు నీళ్ళ సీసాలు, జిమ్ము.

గురువారం సాయంత్రం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. రెండు గంటలే. సెరా అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన ఆదివారం నది ఒడ్డు బొమ్మ ముందు మా ఆవిడ పావుగంట నిలబడింది. దగ్గరికెళ్తే చుక్కలు, దూరంగా వస్తే మనుషులు. ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉంది. గార్డు నవ్వాడు.

శుక్రవారం బోటు. ఇదొక్కటే చెయ్యండి, మిగతావి మానేసినా పర్లేదు. మిషిగన్ అవెన్యూ వంతెన పక్క మెట్లు దిగితే బోటు, గంటన్నర. నదిని 1900లో వెనక్కి తిప్పేశారని గైడ్ చెప్పింది. మురుగంతా లేక్‌లోకి పోతోంది, తాగే నీళ్ళూ ఆ లేక్‌వే, అందుకని కాలువ తవ్వి నది లేక్ వైపు కాకుండా ఆ కాలువలోకి పారేలా చేశారట. మాది రాజమండ్రి. మా నాన్నకి ఫోన్‌లో చెప్తే "గోదారితో ఆ వేషాలు కుదరవు" అన్నారు. మరీనా సిటీ అని జంట టవర్లు ఉన్నాయి, అచ్చం మొక్కజొన్న పొత్తులు. కింది 19 అంతస్తులు కార్ల పార్కింగే, అంచునే వరసగా నిలబడిన కార్లు నదిని చూస్తుంటాయి. "వాటికి నీ కంటే మంచి వ్యూ" అంది మా ఆవిడ.

ఇంద్రజిత్ గారూ, టవర్ ఎక్కాం. నా పట్టుదలే. గాజు గదిలోకి తను చెప్పులు విప్పినంత తేలిగ్గా వెళ్ళి నిలబడింది. నేను ఒక కాలు పెట్టాను. రెండోది రాలేదు. వెనకాల ఎనిమిదేళ్ళ పిల్లాడు "ఎక్స్‌క్యూజ్ మీ సర్" అంటే పక్కకి జరిగాను. ఫొటోల్లో తను ఆకాశంలో ఉంది, నా చెయ్యి మాత్రం అంచున గోడని పట్టుకుని కనిపిస్తోంది.

పిజ్జా: లలిత గారు మూడుసార్లు చెప్పారు. పెద్దది చెప్పాను.

లేక్‌వ్యూ లలిత
నాకు తెలుసు. 🤦‍♀️

అర్ధభాగం
మిగతాది నేను చెప్తా. యాభై నిమిషాలు కూర్చున్నాం. ఈయన ఫోన్ చూడకుండా యాభై నిమిషాలు నాతో మాట్లాడటం పెళ్ళిచూపుల తర్వాత ఇదే. అక్కడైతే మా పెదనాన్న మధ్యలో ఉన్నారు. పిజ్జా వచ్చింది, ఇనప మూకుడుతో సహా. ముక్క ఎత్తితే చీజ్ తీగలు మూరెడు సాగాయి, వెయిట్రెస్ గరిటెతో తెంపి పెట్టింది. బావుంది, నిజంగా బావుంది, కానీ రెండో ముక్క సగంలో ఇద్దరం ఆగిపోయాం. ఆరు ముక్కలు డబ్బాలో పెట్టించుకుని హోటల్‌కి తెచ్చాం. మైక్రోవేవ్ లేదు (అది సౌకర్యాల్లో లేదు). పొద్దున్నే చల్లటి ముక్క మీద అమ్మ పంపిన కందిపొడి చల్లుకుని తిన్నా. నవ్వేవాళ్ళు నవ్వండి, దానికి తిరుగులేదు.

కారప్పొడి
ఎవరూ నవ్వట్లేదు. అందరం ఫ్రిజ్ వైపు చూస్తున్నాం.

డెక్కన్ దొర
సిమెంట్ అన్నానా లేదా?

అర్ధభాగం
అన్నారు. శనివారం మధ్యాహ్నం మీ టావర్న్ పిజ్జా తిన్నాం, అంచు ముక్కల దగ్గర గొడవ కూడా పడ్డాం. రెండూ ఉండాలి. శనివారం సాయంత్రం లేక్ దగ్గర కూర్చున్నాం. నేను వైజాగ్ పిల్లని, అల చూస్తే ముక్కు తనంతట తనే ఉప్పు వాసన కోసం వెతుక్కుంటుంది. ఇక్కడ అల ఉంది, ఇసుక ఉంది, అవతలి ఒడ్డు కనబడదు, వాసన మాత్రం లేదు. ముక్కు మోసపోయింది. రెండు గంటలు అన్నాను కదా, గంటా నలభై నిమిషాలకి అమ్మ వీడియో కాల్ చేసింది. పాప నిద్రపోతోందని చూపించడానికి.

నేపర్‌విల్ నానీ
23లో ఎన్ని చూశారు చివరికి?

ఎక్సెల్ ఏడుకొండలు
తొమ్మిది. డెవాన్ వెళ్ళలేదు, ఆదివారం పొద్దున సాంబారు కోసం ఎవరూ ఏడవలేదు. నేను కొంచెం.

ఇల్లినాయ్ ఇంద్రజిత్
తిరిగి వచ్చేటప్పుడు ఏం తెచ్చారు? అందరూ కారమెల్, చీజ్ కలిపిన పాప్‌కార్న్ తెస్తారు.

అర్ధభాగం
అదీ తెచ్చాం, ఇండియానా దాటేలోపే డబ్బా ఖాళీ. ఇంకోటి తెచ్చాం, దాని గురించి ఇక్కడ ఒక్కరూ చెప్పలేదు, కోపంగా ఉంది. జార్డినేరా! క్యారెట్, కాలీఫ్లవర్, సెలరీ, పచ్చిమిరపకాయలు నూనెలో ఊరబెట్టిన సీసా. ఇటాలియన్ బీఫ్ మీద వేసుకునేదట. నాకు పిజ్జా కొట్టులో చిన్న గిన్నెలో ఇచ్చారు.

కారప్పొడి
అయ్యో, అది చెప్పడం మర్చిపోయా. ఇటాలియన్ల ఆవకాయ.

విమానం మోత
ఫ్లైట్‌లో క్యాబిన్ బ్యాగులో పెట్టకండి ఎవరూ. సెక్యూరిటీలో తీసి పక్కన పడేస్తారు, ఆవకాయకి పట్టిన గతే. నా సీసాకి పట్టింది.

ఎక్సెల్ ఏడుకొండలు
చూశారా నానీ గారూ, అందుకే కారు. మూడు సీసాలు తెచ్చాం.

అర్ధభాగం
రెండున్నర. నిన్న రాత్రి పెరుగన్నంలో అమ్మ నంజుకుంది. "ఆవపిండి తక్కువైంది, మిగతాది ఫర్వాలేదు" అంది.